గిటారునకు మారు నిఘంటువు

అమెరికా దేశమున అలబామా రాష్ట్రములో ఫ్లోరెన్సు అను చిన్న పట్టణము కలదు. 1880వ దశకమున నచ్చటి యొక మతబోధకుని యింటికి, బడికి పోవు ప్రాయము గల కుమారుడు ఒకనాడు గిటారు నొకదానిని తెచ్చెను. అది యెరువు తెచ్చినది గాదు. అడవిలో పండ్లును కాయలును ఏరి యమ్మియు, సబ్బు కాచి యమ్మియు, కాసునకు కాసు కూడబెట్టి, దుకాణపు టద్దము వెనుక దానిని పలుమారులు చూచి చూచి, తుదకు కొనుక్కొన్నది. ఇంటివారు సంతోషింతురని యా బాలుడు తలచెను. తండ్రి దానిని చూచి నివ్వెరపోయెను. అది సైతాను ఆటవస్తువనియు, క్రైస్తవ గృహమున నుండదగినది కాదనియు పలికి, వెంటనే మరల గొనిపోయి దానికి మారుగా పనికివచ్చు వస్తువును తెమ్మని యాజ్ఞాపించెను. పనికివచ్చు వస్తువనగా వెబ్‌స్టరు మహానిఘంటువు. బాలుడు గిటారు నిచ్చివేసి, నిఘంటువును మోసికొని యింటికి వచ్చెను.

ఆ బాలుని పేరు విలియం క్రిస్టఫర్ హాండీ. తరువాతి కాలమున లోకమెల్ల ‘బ్లూస్ పిత’ యని కొనియాడిన గీతకర్త యాతడే.

మేము వృత్తిచే ఉపాధ్యాయులము. సంస్కృతమును ఇంగ్లీషును చదివి, రెండు దశాబ్దములుగా పిల్లలకు పాఠములు చెప్పుకొని బ్రతుకుచున్నవారము. జాజ్ సంగీతమున మాకు గల పరిచయము స్వల్పము. హాండీ 1941లో ప్రకటించిన స్వీయచరిత్రను గత వేసవి సెలవులలో చదువుచు, ఈ గిటారు ఘట్టము వచ్చునప్పటికి పుస్తకము మూసివేసి చాలసేపు ఊరకుంటిమి. ఏలయనగా ఆ తండ్రి చేసిన పనినే మేమును ఒకప్పుడు చేసితిమి. ఆ సంగతి తరువాత విన్నవించుకొందుము. చదువరులు ముందుగా హాండీ చరిత్రమును వినవలెను. మా తప్పు యొక్క కొలత దానివలననే తెలియును.

హాండీ 1873వ సంవత్సరము నవంబరు 16వ తేదీన, తాత కట్టిన దుంగల కుటీరమున జన్మించెను. బానిసత్వము రద్దయి యప్పటికి ఎనిమిదేండ్లు మాత్రమే. ఆతని తల్లిదండ్రులు ఆ సంకెలనుండి విడివడినవారు. తాతయు తండ్రియు ఆఫ్రికన్ మెథడిస్టు క్రైస్తవసంఘమున బోధకులు. తండ్రి కోపమును మనమీ వెలుగున చూడవలెను. ఆ రాష్ట్రమున బానిసలకు చదువు నేర్పుటయే చట్టరీత్యా నేరముగా నుండెడిది. అట్టి జాతిలో పుట్టిన తండ్రికి నిఘంటువుకంటె పవిత్రమైన వస్తువేముండును? ఊరూర తిరుగు గాయకుని జీవితము త్రాగుబోతుతనమునకును దారిద్ర్యమునకును దారియని యాయన నమ్మెను. నీవు పాటకాడవైతివని వినుటకంటె నీ శవము వెంట నడచుట మేలని కొడుకుతో ననెనట. క్రూరమైన మాటయే. కాని భయములోనుండి పుట్టిన మాట. మేమాయనను తేలికగా నిందింపజాలము.

బడిలోని యుపాధ్యాయుడును అట్టివాడే. వాలస్ అను నాతడు ఫిస్క్ విశ్వవిద్యాలయమున చదివినవాడు. పెద్దవారై యేమి కాదలచితిరని పిల్లల నొకనాడు ప్రశ్నింపగా, హాండీ ‘సంగీతకారుడను’ అని బదులు చెప్పెను. ఉపాధ్యాయుడు సంగీతకారులు సోమరులని, దురలవాట్లకు లోనైనవారని పెద్ద ఉపన్యాస మిచ్చెను. చిత్రమేమనగా, అదే యుపాధ్యాయుడు ఏ వాద్యమును లేకుండ ఆ పిల్లలకు స్వరజ్ఞానము నేర్పెను. మన సరిగమలవంటి డో, రే, మీ సంజ్ఞలతో ఐరోపా మహాస్వరకర్తల రచనలను గూడ వారిచేత పాడించెను. బాలుడైన హాండీకి పక్షి కూతయు, నదిలోని పొగయోడ ఈలయు, ఎద్దు రంకెయు చెవిని పడినంతనే స్వరములుగా తోచుచుండెడివట. సంగీతమును తిట్టిన గురువే సంగీతమును వ్రాసికొను సాధనము నిచ్చెను. తండ్రి యిప్పించిన నిఘంటువును, గురువు నేర్పిన స్వరలిపియు, రెండును తరువాత ఎట్లు పనికివచ్చెనో చూడుడు.

యువకుడైన హాండీ రహస్యముగా కార్నెట్టు అను బాకా నేర్చెను. 1892లో బర్మింగ్‌హామ్ నగరమున ఉపాధ్యాయ పరీక్షలో నుత్తీర్ణుడయ్యెను. కాని బడిపంతులు జీతముకంటె ఇనుప గొట్టముల కర్మాగారపు కూలియే యెక్కువగా నుండుటచే ఆ పనిలో చేరెను. (ఈ వాక్యము చదివినప్పుడు మా వృత్తివారు నవ్వుదురో నిట్టూర్తురో వారికే విడిచిపెట్టుచున్నాము.) ఆ పిదప దేశమున ఆర్థికసంక్షోభము వచ్చెను. సెయింట్ లూయిస్ నగరము చేరి, పని దొరకక, మిసిసిపీ నదీతీరమున రాళ్ళు పరచిన రేవుపై నిద్రించెను. ఆకలితోను చలితోను గడపిన యా దినములలోనే, వీథిని తూలుచు, భర్త నిరాదరణమును గూర్చి తనలో తాను గొణుగుకొనుచు పోవు నొక స్త్రీ యాతని కంటబడెను. ఆమె పేరును ఎరుగడు. ఆ మాట మాత్రము ఇరువదియేండ్లు మనసున నిలిచెను.

1896లో మహారా మిన్‌స్ట్రెల్సు అను సంచార నాటకసమాజమున చేరి వాద్యబృందమునకు నాయకుడై దేశమెల్ల తిరిగెను. 1900లో క్యూబా ద్వీపమునకు పోయి అచ్చటి నాట్యలయను చెవిని నిలుపుకొనెను. ఒకమారు ఈ బృందపు ప్రదర్శనమునకు తండ్రియే వచ్చి చూచి, తాను సంతోషించితిననియు, సంగీతకారుడైనందుకు కుమారుని క్షమించితిననియు చేయిపట్టుకొని చెప్పెనట. తప్పు దిద్దుకొనుటకు ఆ తండ్రికి కాలము దొరకెను. అందరికిని దొరకదు.

1900 మొదలు 1902 వరకు హాండీ అలబామాలోనే నల్లజాతి విద్యార్థుల కళాశాలయందు సంగీతోపాధ్యాయుడుగా నుండెను. అచ్చటి పెద్దలకు ఐరోపా సంగీతమన్న గౌరవము. తమ జాతివారి గీతములన్న చిన్నచూపు. అందువలన హాండీ యొక యుపాయము పన్నెను. అప్పటి వీథులలో ప్రచారమున నున్న రాగ్‌టైమ్ గీతము నొకదానికి హైతీ విమోచనవీరుడు టూసాన్ లూవెర్చూర్ పేరు తగిలించి, గంభీరమైన రచనయన్నట్లు సభలో వాయించెను. అందరును ఆనందముతో తాళము వేసిరి. పేరు మారినంతనే పాట గౌరవనీయమయ్యెను! మన సభలలోను ఇట్టి వింతలు లేకపోలేదు. పల్లెపదమునకు రాగము పేరొకటి పెట్టి పాడినచో తలలూపుదుము. అదే పదమును పొలము గట్టుమీద విన్నచో ముక్కు విరుతుము.

అయినను హాండీకి నిజమైన పాఠము ఇంకను మిగిలియుండెను. పరుల చిన్నచూపును ఎత్తిచూపినవాడు తనలోని చిన్నచూపును అప్పటికి గుర్తింపలేదు. 1903 ప్రాంతమున మిసిసిపీ రాష్ట్రమున క్లార్క్స్‌డేల్ పట్టణములో వాద్యబృందమును నడుపుచుండగా, ఒక రాత్రి టట్‌విలర్ అను చిన్న రైలుస్టేషనులో బండికై కాచికొనియుండెను. బండి తొమ్మిది గంటలు ఆలస్యము. కునుకుపాటులో నుండగా ప్రక్కన నెవరో గిటారు మీటుట వినవచ్చెను. చినిగిన బట్టలు, బూట్లలోనుండి బయటికి వచ్చిన కాలివ్రేళ్ళు, ముఖమున తరతరముల విషాదము. అతడు తంతులపై కత్తి నొత్తి జార్చుచు వాయించుచుండెను. మన గోటువాద్యమున కొయ్యముక్కను తంతులపై జార్చి గమకములు పలికింతురే, అట్టి పద్ధతి. రెండు రైలుమార్గములు ఒండొంటిని దాటు చోటికి పోవుచున్నానను అర్థము గల యొక పాదమునే ముమ్మారు పాడి, గిటారుతో బదులు పలికించెను. తానెన్నడును అంతటి వింతసంగీతమును వినియుండలేదని హాండీ వ్రాసికొనెను. వినెను, ఆశ్చర్యపడెను, కాని బండి రాగానే ఎక్కి పోయెను.

కన్నులు తెరిపించినది వేరొక రాత్రి. క్లీవ్‌లండ్ అను నూరిలో నృత్యసభకు హాండీ బృందము పోయెను. కాగితములు చూచి వాయించు శిక్షితులు తొమ్మండుగురు. మధ్యలో నెవరో ఊరి కుర్రవాండ్రకు కొంచెము సేపు అవకాశమిమ్మని కోరిరి. విరిగిన గిటారు, మాండలిన్, పాతబడిన పెద్ద తంత్రీవాద్యము, ఈ మూడింటితో ముగ్గురు వచ్చిరి. ఆదియు అంతమును లేనట్లు ఒకే స్వరవరుసను త్రిప్పి త్రిప్పి వాయించిరి. హాండీ మనసులో దీని నెవరు మెత్తురని తలచుచుండగానే వారి కాళ్ళచుట్టు వెండి డాలర్లు వానవలె కురిసెను. తన తొమ్మండుగురకు రాత్రియంతటికి రానున్న సొమ్ముకంటె అది యెక్కువ! తనలోని స్వరకర్త ఆ రాత్రియే పుట్టెనని యాతడు నిస్సంకోచముగా చెప్పుకొనెను. డబ్బు చూచి బుద్ధి మారెనని ఆక్షేపించువారు ఆక్షేపింపవచ్చును. మాకు మాత్రము ఆ ఒప్పుకోలునందలి నిజాయితీ నచ్చినది. పండితుడు పామరునియొద్ద నేర్చితినని చెప్పుట లోకమున అరుదు.

ఇంతకును బ్లూస్ అనగా నేమి? పత్తిచేలలో, రైలుకట్టలపై, చెఱసాలలలో నల్లజాతి కూలీలు పాడుకొనిన వ్యథాగీతము. దాని సామాన్యరూపము పండ్రెండు తాళఖండములు. నాలుగేసి ఖండముల పాదములు మూడు. మొదటి పాదమునే రెండవదిగా మరల పాడి, మూడవదానిలో దానికి బదులు చెప్పుదురు. ప్రతి పాదము చివర కొంచెము విరామముండును; అచ్చట వాద్యము సమాధానము చెప్పును. మన పరిభాషలో చెప్పవలెనన్న, గాంధారము అంతరగాంధారమునకును సాధారణగాంధారమునకును నడుమ ఊగులాడును. నిషాదము కాకలినుండి కైశికికి దిగును. పియానో మెట్లపై ఆ నడిమి స్వరము దొరకదు. హాండీ దానిని తగ్గించిన స్వరముగా కాగితముపై గుర్తించి, గొంతులో మాత్రమే బ్రతికిన పాటకు ముద్రణశాలలో చోటు కల్పించెను.

ఈ మార్గమున మొదటి ప్రసిద్ధరచన ‘మెంఫిస్ బ్లూస్’. 1909లో మెంఫిస్ నగరపు ఎన్నికలలో క్రంప్ అను నభ్యర్థి పక్షమున వాయించుటకు కూర్చిన బాణీ అది. 1912లో హాండీ దానిని సొంత ఖర్చుతో అచ్చువేసెను. ప్రతులు అమ్ముడుపోవుటలేదని నమ్మింపబడి, నూరు డాలర్లకు మించని సొమ్మునకు సర్వహక్కులను అమ్మివేసెను. పాట దేశమెల్ల మారుమ్రోగెను. లాభమంతయు పరుల పాలయ్యెను. చట్టమున నిర్ణయించిన 28 ఏండ్ల గడువు ముగిసినగాని ఆ హక్కు మరల ఆతని చేతికి రాలేదు. బిడ్డను అమ్ముకొని, ఊరేగింపున దానిని చూచి చప్పట్లు కొట్టవలసిన తల్లి దురవస్థ యిది.

కాని హాండీ యా దెబ్బతో క్రుంగిపోలేదు. హారీ పేస్ అను విద్యావంతుడైన మిత్రునితో కూడి పేస్ అండ్ హాండీ అను ప్రచురణసంస్థను మెంఫిస్‌లోని బీల్ వీథిని స్థాపించెను. నల్లజాతివాని పాటను నల్లజాతివారే అచ్చువేసి, హక్కును తమచేతనే యుంచుకొనుట ఆనాడు సామాన్యవిషయము కాదు. 1914లో ‘సెయింట్ లూయిస్ బ్లూస్’ వెలువడెను. నదీతీరపు ఆకలిరాత్రులు, వీథిలో గొణుగుకొనిన యా స్త్రీ దుఃఖము, క్యూబాలో వినిన నాట్యలయ, మూడును అందు చేరినవి. 1918లో సంస్థ న్యూయార్కు నగరమునకు తరలెను. 1925లో బెస్సీ స్మిత్ ఆ పాటను పాడగా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్టు వాయించిన రికార్డును మేము ఇటీవల పలుమారులు వింటిమి. భాష తెలియనివారికిని అందలి దిగులు తెలియును. గాయని యొక పాదము పాడి ఆగును, కార్నెట్టు ఓదార్చును. రైలుస్టేషనులోని గిటారు చేసిన పని అదియే.

1926లో హాండీ బ్లూస్ గీతముల సంకలనమును ప్రకటించెను. కన్నులు క్రమముగా మందగించెను. 1943లో న్యూయార్కు భూగర్భరైలు వేదికనుండి పడి చూపు పూర్తిగా కోల్పోయెను. ఆ పిదపను పని మానలేదు. 1958 మార్చి 28వ తేదీన 84వ యేట మరణించెను. ఆతని జీవితమును చూపు చలనచిత్రము ఆ మరుసటి నెలలోనే విడుదలయ్యెను.

‘బ్లూస్ పిత’ యను బిరుదును అందరును అంగీకరింపలేదు. జెల్లీ రోల్ మోర్టన్ అను పియానో విద్వాంసుడు 1938లో పత్రికాముఖమున తీవ్రముగా ఖండించెను. ‘మెంఫిస్ బ్లూస్’ కంటె కొన్ని నెలల ముందుగా బ్లూస్ పేరుతో వేరు పాటలును అచ్చయినవి. ఈ వాదమున మాకు ఆసక్తి లేదు. హాండీ గొప్పతనము పుట్టించుటలో లేదు. వినుటలోను, వ్రాయుటలోను ఉన్నది. తండ్రి సైతాను వస్తువన్నదానిని, గురువు సోమరుల పని యన్నదానిని, తానును ఒకప్పుడు ముతకయని తలచినదానిని, ఆ తండ్రి యిప్పించిన అక్షరముతోను ఆ గురువు నేర్పిన లిపితోను నిలిపెను. గిటారు ఒకటియే ఉన్నచో టట్‌విలర్ మనుష్యునివలె పాడి చీకటిలో కలిసియుండును. నిఘంటువు ఒకటియే ఉన్నచో వ్రాయదగిన దేమియు లేకయుండును.

ఒక్క లోటు మాత్రము మమ్ము బాధించును. ఆ స్టేషనులోని మనుష్యుని పేరేమి? హాండీ అడుగలేదు. బండి వచ్చెను, ఎక్కిపోయెను. అంత పెద్ద గ్రంథమున ఆ పేరుండవలసిన చోట చినిగిన బట్టలు మాత్రమే ఉన్నవి.

ఇక మా సంగతి. పదునాలుగేండ్లక్రిందట శ్రీకాకుళము జిల్లాలోని యొక యున్నతపాఠశాలలో మేము తొమ్మిదవ తరగతికి అలంకారములు బోధించుచుండగా, వెనుక బల్లపై నొక బాలుడు వంగి యేదో వ్రాసికొనుచుండెను. దగ్గరకు పోయి చూచితిమి. నూరు పుటల నోటుపుస్తకము. నిండ నాట్లపాటలు, దంపుళ్ళపాటలు. పాదములపైన చుక్కలు, గీతలు, వంకరలు. బాణీ మరచిపోకుండ ఆతడు తనకు తానే కల్పించుకొనిన గుర్తులవి. మేము వానిని లెక్క చేయలేదు. ‘కూలిపాటలు వ్రాసికొనుటకా బడికి వచ్చుట?’ అని పదిమందిలో గద్దించి పుస్తకము లాగుకొంటిమి. ఆ బాలుడు ఏమియు ననలేదు. ఆ యేడు తెలుగులో ఆతనికే మొదటి మార్కులు వచ్చినవి. వార్షికోత్సవమున మా చేతులతోనే ఒక నిఘంటువును బహుమతిగా నిచ్చితిమి. ఎంతో మేలు చేసితిమని సంతోషించితిమి.

హాండీ పుస్తకమును మూసినదినముననే బీరువా వెదకితిమి. నోటుపుస్తకము అడుగున నుండెను. ఎందుకు పారవేయలేదో మేమే ఎరుగము. మొదటి పుటను అప్పుడే మొదటిమారు చదివితిమి. పెద్ద యక్షరములతో ఒక ముసలమ్మ పేరును, దాని క్రింద ‘ఈ పాటలు ఈమెవి’ యనియు వ్రాసియుండెను. హాండీ యడుగ మరచిన ప్రశ్నను మా తొమ్మిదవ తరగతి బాలుడు అడిగియుండెను. జవాబును ముందుగానే వ్రాసియుండెను.

వారి యూరు పోయి విచారింపగా ఆతడు విశాఖపట్టణమున ఆటో నడుపుచున్నాడని తెలిసెను. పోయి కలిసికొంటిమి. మమ్ము చూచి నమస్కరించి, భార్యచేత మంచినీళ్ళు తెప్పించెను. పుస్తకము చేతికిచ్చి, తప్పు చేసితిమని చెప్పితిమి. ఆతడు పుటలు త్రిప్పుచు చాలసేపు మాటాడలేదు.

“మా మామ్మ పోయి ఆరేళ్ళయింది మాస్టారూ,” అనెను. “ఉన్నప్పుడు ఇది నా చేతిలో ఉంటే మళ్ళీ పాడించుకునేవాణ్ణి. ఇప్పుడు ఈ గుర్తులు నాకే తెలియట్లేదు.”

అందు 43 పాటలు కలవు. గుర్తులు చూచుచు, కన్నులు మూసికొని, వ్రేలితో మోకాలిపై తాళము వేయుచు ఆతడు ఆ సాయంకాలము 11 పాటలకు మాత్రము బాణీ జ్ఞప్తికి తెచ్చుకొనెను. తక్కిన 32 పాటలకు మాటలు మాత్రమే మిగిలినవి. మేము లాగుకొనినది నోటుపుస్తకమని ఇన్నాళ్ళు తలచితిమి. లాగుకొనినది ఆ 32 బాణీలు.

సెలవు తీసికొనుచు సిగ్గుతో నిఘంటువు మాట యెత్తితిమి. ఆతడు నవ్వి, “ఉంది మాస్టారూ. మా పాప చూస్తూ ఉంటుంది. మంచి పుస్తకమే,” అనెను. ఆ మాటలో నిష్ఠురము లేదు. అందువలననే మాకు బరువుగా తోచెను.

మన దేశమున నేదునూరి గంగాధరముగారు, బిరుదురాజు రామరాజుగారు మున్నగు పెద్దలు పల్లెపాటలను సేకరించి మహోపకారము చేసిరి. కాని ప్రతి యింటికిని అట్టి మహనీయులు రాలేరు. ప్రతి యింట ఒక మామ్మయో అమ్మమ్మయో ఉన్నది. ప్రతి యింట చదువుకొనిన బిడ్డయు ఉన్నది. నిఘంటువును ఇత్తుము, ఇయ్యవలసినదే. దానికి మారుగా వేరొకదానిని లాగుకొనకుందుము గాక. మేము ఆ 11 పాటలను పట్టణమునందలి యొక సంగీతోపాధ్యాయుని సాయముతో స్వరపరచుచున్నాము. ఆదివారములందు ఆటో నిలిపి ఆతడు వచ్చి పాడుచున్నాడు, మేము వ్రాయుచున్నాము. మొదటి పుట ఆతడు పదునాలుగేండ్లక్రిందట వ్రాసినదే యుండును. దానిలో మార్చవలసిన దేమియు లేదు.